రిలక్టెంట్లీ ఎలా వాడాలి: పని జరిగింది, మనసే ఒప్పలేదు

“రిలక్టెంట్లీ అంటే అయిష్టంగా.” పోటీ పరీక్షల పదాల పట్టికల్లో ఈ మాటకు సాధారణంగా ఇంతే ఉంటుంది. అర్థం తప్పేమీ కాదు. అయితే ఆ ఒక్క ముక్కనే నమ్ముకుని వాక్యం రాస్తే మనం అనుకున్నదానికి అడ్డంగా అర్థం వచ్చే ప్రమాదం ఉంది. సంతకం పెట్టని మనిషి పెట్టేసినట్టు అవుతుంది. ఇష్టం లేక పిలుపును కాదన్న మనిషి, రావాలని ఎంతో ఆశపడ్డట్టు అవుతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్ళకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ప్రతిచోటా “అయిష్టంగా” అని దించేస్తే ఆ తెలుగు ఎవరూ మాట్లాడని తెలుగు అవుతుంది. ఈ రెండు గండాలూ దాటడానికి ఏం చెయ్యాలో వరసగా చూడండి.

మొదటి మెట్టు: మూడు ప్రశ్నలు వేసుకోండి

ఒక సన్నివేశం కళ్ళ ముందు పెట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. రామయ్య తాతల నాటి ఎకరం పొలం అమ్ముతున్నాడు, కూతురి చదువు కోసం. దస్తావేజు ముందు పెట్టారు. పెన్ను తీసుకున్నాడు. క్యాపు తీశాడు, మళ్ళీ పెట్టాడు. నాలుగు హద్దులు రాసిన చోట వేలు పెట్టి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ బెదిరించలేదు. చివరికి క్యాపు తీసి ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు.

ఇదీ రిలక్టెంట్లీ. ఇందులో మూడు సంగతులున్నాయి. పని జరిగింది. తన నిర్ణయంతోనే చేశాడు. చేస్తున్నంతసేపూ మనసు వెనక్కి లాగుతూనే ఉంది. వాక్యం రాసే ముందు ఈ మూడూ ఉన్నాయా అని చూసుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ చోట ఈ మాట పెట్టకూడదు, దాని బంధువుల్లో ఇంకోటి కావాలి.

పని జరగలేదనుకోండి, అంటే రామయ్య పెన్ను కింద పెట్టి లేచి వచ్చేశాడు. అప్పుడు “రామయ్య వాజ్ రిలక్టెంట్ టు సైన్” అనాలి. నిర్ణయం తనది కాదనుకోండి, చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడు “హి వాజ్ ఫోర్స్‌డ్ టు సైన్” అనాలి. మనసు వెనక్కి లాగలేదు, ఏ పేజీలో ఎక్కడ సంతకం పెట్టాలో తెలియక తడుముకున్నాడంతే అనుకోండి. అది “హెజిటెంట్లీ”.

మాట పుట్టుక తెలిస్తే ఈ సంగతి ఇంకా గట్టిగా గుర్తుంటుంది. లాటిన్‌లో ‘లుక్టారీ’ అంటే కుస్తీ పట్టడం. ముందున్న ‘రె’కు ఇక్కడ ఎదురు అని అర్థం. ఎదురు తిరిగి పెనుగులాడటం అన్నమాట. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఈ పదాన్ని నిజంగా పెనుగులాడటం అనే అర్థంలోనే వాడారు. తర్వాత ఆ కుస్తీ ఒంట్లోంచి మనసులోకి మారింది.

ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు దీని చుట్టం ఒకటి బాగా తెలుసు: రిలక్టెన్స్. అయస్కాంత వలయంలో ఫ్లక్స్‌కు, అంటే అయస్కాంత ప్రవాహానికి, ఎదురయ్యే అడ్డంకికి 1888లో ఆలివర్ హెవిసైడ్ పెట్టిన పేరది. గాలి కంటే 2000 రెట్లు సులువుగా ఫ్లక్స్‌ను పోనిచ్చే ఇనుప కోరులో 1 మిల్లీమీటరు గాలి సందు వదిలారనుకోండి. ఆ చిన్న సందు ఒక్కటే 2 మీటర్ల ఇనుమంత అడ్డంకి పెడుతుంది. అయినా ఫ్లక్స్ ఆగిపోదు, తగ్గి అయినా ఆ సందు దాటుతుంది. కరెంటుకు రబ్బరు తొడుగు అడ్డం పెట్టినట్టు అయస్కాంత ఫ్లక్స్‌ను పూర్తిగా ఆపే పదార్థం మామూలుగా దొరకదు. రామయ్య సంతకంలో జరిగింది కూడా ఇదే. అడ్డంకి ఉంది, పని జరిగింది. ఈ పోలిక ఒక్కటి మనసులో ఉంచుకుంటే సగం తప్పులు పోతాయి.

రెండో మెట్టు: పలకడం, రాయడం

నాలుగు ముక్కలుగా విడగొట్టి పలకండి: రి, లక్, టంట్, లీ. ఊనిక రెండో ముక్క ‘లక్’ మీద పడాలి. మనవాళ్ళు ‘టెంట్’ను నొక్కి పలుకుతారు. అందువల్ల స్పెల్లింగులో కూడా అక్కడ ఇ అక్షరం వచ్చేస్తుంది. సరైన వరస ఇది: ఆర్, ఇ, ఎల్, యు, సి, టి, ఎ, ఎన్, టి, ఎల్, వై. మొత్తం 11 అక్షరాలు. సి, టి తర్వాత వచ్చేది ‘ఎ’. చీమను ఇంగ్లీషులో ‘యాంట్’ అంటాం కదా, ఆ మూడక్షరాలు దీని మధ్యలో ఉన్నాయని గుర్తు పెట్టుకోండి. ఇంపార్టెంట్‌లోనూ ఆ చీమే ఉంది.

మూడో మెట్టు: వాక్యంలో ఎక్కడ పెట్టాలి

అన్నిటికంటే నిలకడైన చోటు క్రియకు సరిగ్గా ముందు: “రామయ్య రిలక్టెంట్లీ సైన్డ్ ద డీడ్.” సహాయక క్రియ ఉంటే దాని తర్వాత, అసలు క్రియకు ముందు: “హి హాజ్ రిలక్టెంట్లీ సైన్డ్ ద డీడ్.” “దే విల్ రిలక్టెంట్లీ అగ్రీ.” అనుమానం వచ్చినప్పుడల్లా ఈ చోటే ఎంచుకోండి.

వాక్యం చివర పెడితే ఊనిక మనసు మీద పడుతుంది: “హి సైన్డ్ ద డీడ్ రిలక్టెంట్లీ.” సంతకం సంగతి వినేవాడికి ముందే తెలుసు, ఎలా చేశాడన్నదే కొత్త విషయం అన్నప్పుడు ఇది బాగుంటుంది. వాక్యం మొదట్లో పెడితే కామా తప్పనిసరి: “రిలక్టెంట్లీ, హి సైన్డ్ ద డీడ్.” ఇది కథ చెప్పే పద్ధతి. ఆఫీసు రాతల్లో మొదట్లో పెట్టడం తగ్గించండి.

పెట్టకూడని చోటు క్రియకూ కర్మకూ మధ్య. “హి సైన్డ్ రిలక్టెంట్లీ ద డీడ్” తప్పు. మనకు ఈ తప్పు ఎందుకు వస్తుందంటే తెలుగులో విభక్తులు కాపలా కాస్తాయి. “దస్తావేజు మీద అయిష్టంగా సంతకం చేశాడు”, “అయిష్టంగా దస్తావేజు మీద సంతకం చేశాడు” రెండూ నడుస్తాయి. మాటలు అటూఇటూ జరిగినా అర్థం చెదరదు. ఇంగ్లీషులో ‘ని’, ‘మీద’ లాంటి కాపలా లేదు. క్రియ పక్కనే కర్మ ఉండాలి, మధ్యలో ఎవరూ దూరకూడదు.

రెండు క్రియలున్న వాక్యంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. “హి రిలక్టెంట్లీ అగ్రీడ్ టు సెల్ ద ల్యాండ్” అంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. “హి అగ్రీడ్ టు సెల్ ద ల్యాండ్ రిలక్టెంట్లీ” అంటే ఏది అయిష్టంగా జరిగిందో తేలదు. ఒప్పుకోవడమా, అమ్మడమా? మనసు ఏ పని దగ్గర ఆగిందో ఆ క్రియకు ఆనించి పెట్టండి.

ఏ క్రియలతో జతకడుతుంది? ఒప్పుకోవడం, వదులుకోవడం చుట్టూ తిరిగే క్రియలతో దీనికి పొత్తు ఎక్కువ. అగ్రీ, యాక్సెప్ట్, అడ్మిట్, కన్సీడ్, అలౌ, అప్రూవ్, డిసైడ్, కన్‌క్లూడ్, హ్యాండ్ ఓవర్, గివ్ అప్, లీవ్, పార్ట్ విత్. నో, బిలాంగ్, కంటెయిన్ లాంటి స్థితి చెప్పే క్రియలతో పొసగదు, అక్కడ మనిషి ఎంచుకునేది ఏమీ ఉండదు కనక. కర్తకు కూడా మనసుండాలి. “ద బస్ రిలక్టెంట్లీ స్టార్టెడ్” అని కథలో రాస్తే అందంగా ఉంటుంది, డిపోకు ఇచ్చే ఫిర్యాదులో రాస్తే బాగుండదు.

ఎక్కువగా తప్పు జరిగే చోట్లు

ఇక్కడ నిదానంగా చదవండి. వ్యాకరణం సరిగ్గానే ఉండి అర్థం మాత్రం తలకిందులయ్యే చోట్లు ఇవి, కనక దిద్దేవాళ్ళ కంటికి కూడా సులువుగా చిక్కవు.

ఒకటి, ‘రిలక్టెంట్’కూ ‘రిలక్టెంట్లీ’కీ తేడా. “షి వాజ్ రిలక్టెంట్ టు లెండ్ ద మనీ” అన్నప్పుడు ఆమె డబ్బు ఇచ్చిందో లేదో మనకు తెలియదు. ఇవ్వడానికి మనసు రాలేదని మాత్రమే తెలుసు. “షి రిలక్టెంట్లీ లెంట్ ద మనీ” అంటే ఇచ్చేసింది. ఒక సాక్షి వాంగ్మూలంలోనో, ఆఫీసు నోట్‌లోనో ఈ తేడా మామూలు తేడా కాదు. “ద మేనేజర్ రిలక్టెంట్లీ అప్రూవ్డ్ ద లీవ్” అని రాస్తే సెలవు మంజూరైనట్టే. మంజూరు కాకుండా నానుతున్నదని చెప్పాలంటే “ద మేనేజర్ ఈజ్ రిలక్టెంట్ టు అప్రూవ్ ద లీవ్” అనాలి. రిలక్టెంట్ తర్వాత ‘టు’, దాని వెనక మామూలు క్రియ రావాలి. “రిలక్టెంట్ ఫర్ గోయింగ్”, “రిలక్టెంట్ ఇన్ సైనింగ్” మన దగ్గర తరచుగా వినపడతాయి, రెండూ తప్పే. నామవాచకం రిలక్టెన్స్ తర్వాత కూడా ‘టు’యే.

రెండు, కాదనే క్రియలు. “హి రిలక్టెంట్లీ డిక్లైన్డ్ ద ఇన్విటేషన్.” దీన్ని “ఇష్టం లేక ఆహ్వానాన్ని కాదన్నాడు” అని తెలుగు చేస్తే పూర్తిగా తిరగబడుతుంది. రిలక్టెంట్లీ ఏ క్రియను అంటిపెట్టుకుని ఉందో చూడండి: డిక్లైన్డ్. కాదనడానికే మనసు రాలేదు. అంటే వెళ్ళాలని ఉంది, వెళ్ళలేక కాదన్నాడు. సరైన తెలుగు: “వెళ్ళాలని ఉన్నా, రాలేనని చెప్పాడు.” రెఫ్యూజ్, రిజెక్ట్, క్యాన్సిల్, రిజైన్, టర్న్ డౌన్ అన్నిటికీ ఇదే సూత్రం. “షి రిలక్టెంట్లీ రిజైన్డ్” అంటే ఉద్యోగం ఇష్టం లేక మానేసిందని కాదు, మానడం ఇష్టం లేకుండానే మానేసిందని.

మూడు, ‘నాట్’ తగిలినప్పుడు. “హి డిడ్ నాట్ అగ్రీ రిలక్టెంట్లీ” అంటే ఒప్పుకోలేదని కాదు. ఒప్పుకున్నాడు, కాకపోతే అయిష్టంగా మాత్రం కాదు, సంతోషంగానే ఒప్పుకున్నాడు అన్న అర్థం వస్తుంది. ఒప్పుకోలేదని చెప్పాలనుకుంటే రిలక్టెంట్లీ తీసేయండి. “హి రెఫ్యూజ్డ్” చాలు.

నాలుగు, కర్మణి వాక్యం. “రిలక్టెంట్లీ, ద పేషెంట్ వాజ్ ఎగ్జామిన్డ్ బై ద డాక్టర్” అంటే అయిష్టం రోగిది. “ద పేషెంట్ వాజ్ రిలక్టెంట్లీ ఎగ్జామిన్డ్ బై ద డాక్టర్” అంటే డాక్టరుది కావచ్చు, రోగిది కూడా కావచ్చు. ముందు పెట్టిన మాట కర్తస్థానంలో ఉన్న మనిషిని పట్టుకుంటుంది, క్రియను ఆనుకున్న మాట నిజంగా పని చేసిన మనిషి వైపు కూడా తిరగగలదు. ఇక ‘బై’ కూడా లేని వాక్యం, “ద ప్రపోజల్ వాజ్ రిలక్టెంట్లీ అప్రూవ్డ్” లాంటిది, ఎవరి అయిష్టమో చెప్పకుండా దాటేస్తుంది. మినిట్స్ రాసేటప్పుడు దీన్ని తిరగేసి “ద కమిటీ రిలక్టెంట్లీ అప్రూవ్డ్ ద ప్రపోజల్” అని రాయండి. గొడవ ఉండదు.

బంధువులు: పోలికలున్నా ఒకటి కాదు

రామయ్య సంతకం దగ్గరికే మళ్ళీ వెళ్దాం. మాట మార్చిన కొద్దీ మనిషి మారిపోతాడు.

“అన్‌విల్లింగ్లీ” పెడితే ఒప్పుదల ఇంకా సన్నబడుతుంది. అతని పక్కన ఎవరో నిలబడి ఒత్తిడి పెడుతున్నట్టు వినిపిస్తుంది. “గ్రడ్జింగ్లీ” పెడితే బాధ పోయి అక్కసు వస్తుంది. ఎదుటివాడికి దక్కుతున్నందుకు కడుపులో మంట, మొహంలో చిరాకు. అందుకే పొగడటం, ఒప్పుకోవడం, ఇవ్వడం లాంటి క్రియలతో ఇది బాగా అతుకుతుంది. ప్రత్యర్థి ఆటను మెచ్చుకోక తప్పనివాడు “గ్రడ్జింగ్లీ ప్రెయిజ్డ్ హిమ్.” తెలుగులో “మెచ్చుకోలేక మెచ్చుకున్నాడు.” రామయ్యకు ఈ మాట వాడితే అతనికి అన్యాయం చేసినట్టే. అతనిది ప్రేమ, అక్కసు కాదు.

“హాఫ్ హార్టెడ్లీ” శ్రద్ధకు సంబంధించిన మాట. మొక్కుబడిగా, చేశామనిపించుకోవడానికి చేసింది. అయిష్టంగా మొదలుపెట్టి చాలా బాగా చేసేవాళ్ళుంటారు. వాళ్ళకు రిలక్టెంట్లీ సరిపోతుంది, హాఫ్ హార్టెడ్లీ సరిపోదు. “ఇన్‌వాలంటరిలీ” అసలు మనసుతో పనిలేనిది: వేడి పెనం తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి రావడం. అప్రయత్నంగా అంటాం. దీన్ని ‘ఇష్టం లేకుండా’ అని అనువదించడం పెద్ద తప్పు. “రిగ్రెట్‌ఫుల్లీ” విచారం చెబుతుంది, వెనకాడటం చెప్పదు. “అండర్ ప్రొటెస్ట్” చట్టం వాసన ఉన్న మాట. పన్నో బిల్లో కడుతూనే, ఇది న్యాయం కాదని రాతపూర్వకంగా చెప్పి హక్కు నిలబెట్టుకోవడం. అభ్యంతరం నమోదు చెయ్యాల్సిన చోట రిలక్టెంట్లీ అని రాసి ఊరుకోకండి. అది మనసులో మాట చెబుతుంది, అభ్యంతరం నిలబెట్టదు.

ఇంకో రెండు తికమకలు ఉన్నాయి. ‘రెటిసెంట్’ అంటే నోరు విప్పని మనిషి, మితభాషి. దాన్ని రిలక్టెంట్ స్థానంలో వాడటం ఇంగ్లీషువాళ్ళలోనూ కనిపిస్తుంది, జాగ్రత్తగా రాసేవాళ్ళు ఒప్పుకోరు. ‘లోత్ టు’ అంటే బాగా అయిష్టపడటం, ‘లోద్’ అంటే అసహ్యించుకోవడం. రాతలో రెంటికీ చివరి ఇ ఒక్కటే తేడా.

పాళ్ళు కలపడం

కారం పాళ్ళు సరిచూసినట్టు ఈ మాటకూ పాళ్ళున్నాయి. “సమ్‌వాట్ రిలక్టెంట్లీ” కొంచెం తటపటాయింపు. “వెరీ రిలక్టెంట్లీ”, “విత్ గ్రేట్ రిలక్టెన్స్” బాగా ఎక్కువ, రెండోది కాస్త పెద్దరికంగా ఉంటుంది. “ఓన్లీ రిలక్టెంట్లీ” నేర్చుకోదగ్గ జత: “హి ఓన్లీ రిలక్టెంట్లీ అగ్రీడ్” అంటే ఒకంతట ఒప్పుకోలేదు, బతిమాలితేగానీ దారికి రాలేదు. “హి అగ్రీడ్, ఆల్బిట్ రిలక్టెంట్లీ” కూడా అంతే సొగసైనది. ముందు ఫలితం చెప్పి తర్వాత మనసు చెబుతుంది. ఆల్బిట్ మూడు మాటలు అతుక్కున్న పదం, పలకడం కూడా ఆల్, బీ, ఇట్ అనే.

పాళ్ళు ఎక్కువయ్యేది ఇలా: “హి వెరీ రిలక్టెంట్లీ అండ్ అన్‌విల్లింగ్లీ అగ్రీడ్.” ఒకే అర్థం రెండుసార్లు. ఒకటి కొట్టేయండి.

తెలుగులోకి తేవడం: కారణం అడగండి

ఇదే అసలైన పని, ఇక్కడే తెలుగు ఇంగ్లీషు కంటే ధనవంతురాలు. ఇంగ్లీషు రిలక్టెంట్లీ మనసు రాలేదని మాత్రం చెప్పి ఆగిపోతుంది. ఎందుకు రాలేదో, ఎవరు నెట్టారో చెప్పదు. తెలుగు వెంటనే కారణం అడుగుతుంది. అందుకే అనువదించే ముందు పక్క వాక్యాలు చదివి, ఆ మనిషిని ముందుకు తోసింది ఏమిటో కనుక్కోండి.

తోసింది పరిస్థితి అయితే: చేసేది లేక, విధి లేక, గత్యంతరం లేక, తప్పనిసరై. రామయ్యకు ఇవి నప్పుతాయి. తోసింది ఎదుటి మనిషి మాట అయితే: కాదనలేక. “తమ్ముడు అడిగితే కాదనలేక ఇచ్చింది.” ఈ ఒక్క మాటలో అడిగినవాడూ ఉన్నాడు, ఇచ్చినామె మెత్తదనమూ ఉంది. తోసింది నలుగురూ ఏమనుకుంటారో అన్న బిడియం అయితే: మొహమాటానికి పోయి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. “మొహమాటానికి పోయి ష్యూరిటీ సంతకం పెట్టాడు” అంటే ఇష్టం లేకుండానే పెట్టాడు, అది రిలక్టెంట్లీ అవుతుంది. “మొహమాటపడుతూ రెండో గారె తీసుకున్నాడు” అంటే గారె తినాలనే ఉంది, తీసుకోవడానికి సిగ్గు. అది రిలక్టెంట్లీ కాదు, షైలీ.

తోసింది ఏదైనా, మనసు అతుక్కున్నచోటు నుంచి విడివడే సందర్భమైతే తెలుగుకు సొంత నిర్మాణమే ఒకటి ఉంది. క్రియకు ‘లేక’ చేర్చి, అదే క్రియను మళ్ళీ వాడటం: వదల్లేక వదిలింది, ఇవ్వలేక ఇచ్చాడు, వెళ్ళలేక వెళ్ళింది. అత్తారింటికి బయల్దేరిన అమ్మాయి గురించి “షి రిలక్టెంట్లీ లెఫ్ట్” అని ఇంగ్లీషు మూడు మాటల్లో చెబితే, “వెళ్ళలేక వెళ్ళింది” అని మనం రెండు మాటల్లోనే చెబుతాం, ఇంకా లోతుగా. ఒక్క హెచ్చరిక: ఒంటి బలానికి సంబంధించిన క్రియలతో ఈ నిర్మాణం అశక్తతనే చెబుతుంది. “లేవలేక లేచింది” అంటే మోకాళ్ళ నొప్పి, అయిష్టం కాదు.

చివరగా ‘అయిష్టంగా’, ‘అయిష్టంగానే’. రెండోదానిలో చివర ఉన్న ఏకారాన్ని తేలిగ్గా తీసుకోకండి. “అయిష్టంగా ఒప్పుకున్నారు” అంటే ఆ మొహం, ఆ తీరు కనిపిస్తుంది. “అయిష్టంగానే ఒప్పుకున్నారు” అంటే ఇష్టం లేదు గానీ ఒప్పుకున్నారు అని రెండు ముక్కలూ పక్కపక్కన నిలబడతాయి. వార్తల్లో వచ్చే “రిలక్టెంట్లీ అగ్రీడ్”కు ఎక్కువసార్లు రెండోదే సరైన జోడీ. మాటల్లోకి వస్తే కోస్తాలో “ఇష్టం లేకపోయినా” అనేది తెలంగాణలో “ఇష్టం లేకున్నా” అవుతుంది. కథలో పాత్ర ఏ ఊరిదో చూసి ఎంచుకోండి.

ఉత్తరాల్లో, మెయిళ్ళలో

మీ నిర్ణయం అవతలివాళ్ళకు నష్టం కలిగించేదైతే ఈ మాట మర్యాద తెస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు చూడండి: “వి హావ్ రిలక్టెంట్లీ డిసైడెడ్ టు ఇంక్రీజ్ ద మెయింటెనెన్స్ చార్జెస్ ఫ్రమ్ ఏప్రిల్.” పెంచడం మాకూ ఇష్టం లేదు, అయినా నిర్ణయం అయిపోయింది అని ఒకేసారి చెబుతోంది. కానీ దాని వెనకే కారణం రావాలి: లిఫ్టు రిపేరో, కాపలా జీతాలో. కారణం లేకపోతే చదివేవాడికి అది దొంగ విచారంలా కనిపిస్తుంది. రాజీనామాలో “ఐ హావ్ రిలక్టెంట్లీ డిసైడెడ్ టు రిజైన్” చాలా నిండుగా ఉంటుంది, నిజమైతేనే రాయండి.

ఎదుటివాళ్ళు మీకు ఏదో ఇస్తున్నప్పుడు మాత్రం వాడకండి. “ఐ రిలక్టెంట్లీ యాక్సెప్ట్ ద ఆఫర్” అని ఉద్యోగం ఇచ్చినవాళ్ళకు రాస్తే చేరకముందే ముఖం మాడ్చినట్టు. పై అధికారి అప్పగించిన పనికి “ఐ విల్ రిలక్టెంట్లీ డూ ఇట్” అన్నా అంతే. అభ్యంతరం ఉంటే విడిగా చెప్పండి: “ఐ విల్ టేక్ ఇట్ అప్. ఐ హావ్ టూ కన్సర్న్స్ అబౌట్ ద డెడ్‌లైన్.” అప్పుడు మాట్లాడుకోవడానికి విషయం ఉంటుంది. ఒక మెయిల్లో ఈ మాట ఒకసారికి మించి రాకూడదు.

చేసి చూడండి

ఈ ఐదింటినీ కాగితం మీద రాసి, కింద జవాబులు చూడకుండా ప్రయత్నించండి. మొదటి మూడూ ఇంగ్లీషులోకి, చివరి రెండూ తెలుగులోకి.

“నాన్న చేసేది లేక పాత స్కూటరు అమ్మేశాడు.” “బిల్లు పాస్ చెయ్యడానికి అకౌంటెంటుకు మనసు రావడం లేదు.” “పోలీసులు బలవంతంగా అతని ఫోను లాక్కున్నారు.” “షి రిలక్టెంట్లీ టర్న్డ్ డౌన్ ద స్కాలర్‌షిప్.” “హిజ్ రైవల్స్ అడ్మిటెడ్, ఆల్బిట్ రిలక్టెంట్లీ, దట్ హి వాజ్ రైట్.”

మొదటిది “ఫాదర్ రిలక్టెంట్లీ సోల్డ్ హిజ్ ఓల్డ్ స్కూటర్.” మూడు ప్రశ్నలకూ అవుననే జవాబు. “రిలక్టెంట్లీ సోల్డ్ హిజ్” అని వచ్చిందా, “సోల్డ్ రిలక్టెంట్లీ హిజ్” అని వచ్చిందా చూసుకోండి. రెండోదాంట్లో బిల్లు ఇంకా పాస్ కాలేదు, కనక “ది అకౌంటెంట్ ఈజ్ రిలక్టెంట్ టు పాస్ ద బిల్.” మూడోదాంట్లో రిలక్టెంట్లీకి చోటే లేదు. ఇచ్చింది అతను కాదు, లాక్కున్నది వాళ్ళు: “ద పోలీస్ టుక్ అవే హిజ్ ఫోన్ బై ఫోర్స్.” అతనే గొణుక్కుంటూ తీసి ఇచ్చి ఉంటే అప్పుడు “హి రిలక్టెంట్లీ హ్యాండెడ్ ఓవర్ హిజ్ ఫోన్.”

నాలుగోది తిరగబడే రకం. స్కాలర్‌షిప్ ఇష్టం లేక కాదనలేదు. “స్కాలర్‌షిప్ తీసుకోవాలని ఉన్నా వదులుకోవాల్సి వచ్చింది” అనండి, లేదా ఇంకా తెలుగుగా “వదల్లేక వదులుకుంది.” ఐదోదానికి “అతను చెప్పిందే నిజమని ప్రత్యర్థులు ఒప్పుకున్నారు, ఒప్పుకోలేక ఒప్పుకున్నారు.” ‘ఆల్బిట్’ను అనువదించే మాట ఏదీ ఇందులో లేదు చూడండి. ఆ పని అంతా కామా తర్వాత మళ్ళీ వచ్చిన క్రియే చేసింది.